అరుగు మీద కూర్చున్నవాడి లెక్క

ఆటల పీరియడ్ గంట కొట్టగానే మా క్లాసు వాళ్ళందరికీ పండుగ. నాకు మాత్రం వేపచెట్టు కింద అరుగు. చీపురుపల్లిలో చదువుకునే రోజుల్లో నాకు ఉబ్బసమని తెలిసినది మొదలు, "నువ్వు కూకోరా బాబూ, ఏటైనా అయితే మీయమ్మకి ఎవులు జవాబు సెప్తారు?" అంటూ డ్రిల్లు మేస్టారు నన్ను చొక్కాలకూ చెప్పులకూ కాపలా పెట్టేవారు. ఆయనది ప్రేమే, కాదనను. కాని ఆ ప్రేమ పుణ్యమా అని నాకు పరుగెత్తడం రాకుండా పోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది ఉబ్బసం వల్లనో, అరుగు వల్లనో చాలాకాలం తెలియలేదు.

మన ప్రాంతం వాళ్ళకు బలమంటే భక్తి. వీరఘట్టం కోడి రామ్మూర్తినాయుడు గారి కథలు వింటూ పెరిగాం. ఊసవానిపేట కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెస్తే ఊరూరా పొంగిపోయాం. మంచిదే. మరి ఒంట్లో బాగోలేనివాడి సంగతేమిటి? వాడికి మినహాయింపు చీటీ రాసిచ్చి చేతులు దులుపుకుంటాం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, ఆటపాటలలో తోటివారితో సమానంగా అవకాశమివ్వాలని విద్యాసంస్థలకు స్పష్టంగా చెప్పింది. మన ఏజెన్సీ పిల్లల్లో కనిపించే సికిల్ సెల్ వ్యాధి గూడా ఆ చట్టం పట్టికలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలలో దీర్ఘరోగులకూ, వైకల్యం ఉన్నవారికీ వేరుగా సలహాలున్నాయి. వాటి సారం, ఎంతో కొంత కదలడం అసలు కదలకపోవడం కంటే మేలని.

ఇక సెల్‌ఫోను సంగతి. మా మిత్రులు కొందరు ఫోనులో అడుగులు లెక్కించే పోటీ పెట్టారు. రోజుకు పదివేలు. ఎవరెన్ని నడిచారో రాత్రికి వరుసగా గ్రూపులో పెట్టేవారు. అట్టడుగున ఎప్పుడూ నా పేరే! అరుగు మీంచి లేపి మళ్ళీ అరుగు మీదనే కూర్చోబెట్టినట్లయింది. తమాషా ఏమిటంటే, ఈ పదివేలు ఏ వైద్యుడూ కట్టిన లెక్క కాదు. 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరు. మాన్‌పో-కెయ్, అనగా పదివేల అడుగుల మీటరు. వ్యాపారి పెట్టిన పేరు మనకు శాస్త్రమై కూర్చుంది.

పోటీ మానేశాను గాని ఫోను మానలేదు. డాక్టరు గారి నడిగి 1,800 అడుగులతో మొదలుపెట్టి, వారానికి రెండు మూడు వందలు పెంచుకుంటూ వచ్చాను. మొదట పది నిమిషాలు మెల్లగా, తర్వాత కొంచెం జోరుగా. నడుస్తుంటే మాట రావాలి, పాట రాకూడదు, అంతే జోరు. ఇన్‌హేలరు ఎప్పుడు పీల్చానో, ఆయాసమెప్పుడు వచ్చిందో అందులోనే రాసుకునేవాణ్ణి. రెండు నెలల రాతలు చూసి డాక్టరు గారు, చెడ్డ రోజులన్నీ నూర్పిళ్ళ కాలపు ఉదయాలేనని పట్టుకున్నారు. నడక సాయంత్రానికి మార్చాను. ఈ ఉపకారం ఏ పోటీ చెయ్యగలదు?

ఒకరి కొలత మరొకరికి పనికిరాదు. సికిల్ సెల్ ఉన్నవాడికి ఒంట్లో నీరు తగ్గినా, ఎండలో మితిమీరి శ్రమించినా నొప్పులు తిరగబెడతాయి. వాడి ఫోను అడుగులు లెక్కించకపోయినా ఫరవాలేదు, నీళ్ళు తాగమనీ, కాసేపు ఆగమనీ గుర్తుచేస్తే చాలు. చక్రాల కుర్చీలో తిరిగే అమ్మాయి దినమంతా చేతులతో చక్రం తోసినా జేబులోని ఫోనుకు అది అడుగుల కింద కనబడదు. తోపులు లెక్కించే ఏర్పాటు 2016లో ఆపిల్ వారి గడియారంలో వచ్చింది, కాని ఆ ఖరీదు మనమెక్కడ పెట్టగలం? ఆ అమ్మాయికి నిమిషాల లెక్క పెడితే సరిపోదా?

కనుక విద్యార్థి సంఘం వారికి నా మనవి. ఈసారి నడక పోటీ పెడితే ఆ వరుస పట్టిక మాత్రం తీసెయ్యండి. ఎవడి లెక్క వాడి నిన్నటితోనే సరిచూసుకోనివ్వండి. హద్దు డాక్టరు చెప్పాలి, ఫోను కాదు. ఎవరికే జబ్బుందో గ్రూపులో పెట్టి ఊరేగించకండి. డ్రిల్లు మేస్టార్లకు ఇన్‌హేలరు ఎలా పట్టించాలో ఒకపూట నేర్పిస్తే, "ఏటైనా అయితే" అన్న భయం వారికీ కొంత తగ్గుతుంది.

నిన్నటి నా లెక్క 4,300. స్టేషను దాకా వెళ్ళి వచ్చాను. దారిలో రెండుసార్లు ఆగాను.