కుక్క స్నానానికి పొలం మందా?

కాపలాకు కుక్కను పెంచడం హుజూర్‌నగర్ ప్రాంత పల్లెల్లో కొత్త కాదు. గడ్డివాము దగ్గర, కొట్టంలో, వడ్ల కల్లంలో రాత్రంతా మేల్కొని ఉండేది అదే. దానికి వేసే అన్నానికి ఎవరూ లెక్క చూడరు. స్నానం మాట వచ్చేసరికే చిక్కు. ఏడాది పొడవునా దాని ఒంటిమీద చెంబెడు నీళ్ళు పోయని ఇళ్ళు కొన్ని. ఒళ్ళంతా గోమార్లు, అంటే పిడుదులు పట్టాక, పొలానికి తెచ్చిన పురుగుల మందును బకెట్లో కలిపి కుమ్మరించే ఇళ్ళు మరికొన్ని. మొదటిది అశ్రద్ధ. రెండవది ప్రాణాంతకం.

నాగార్జునసాగర్ నీళ్ళు 1967లో వదిలాక ఎడమ కాలువ కింద వరి పెరిగింది. వరితో పాటు మందు డబ్బాలూ ఇళ్ళలోకి వచ్చాయి. పాత తరం వారు గమాక్సిన్ పొడిని పశువులకూ, కుక్కలకూ చల్లేవారు. ఆ పొడిలో ఉండే బి.హెచ్.సి.ని ప్రభుత్వం 1997లో నిషేధించింది. పొడి పోయింది గాని అలవాటు పోలేదు.

"గోమార్లు చస్తే చాలు గదా" అనేవారున్నారు. మోనోక్రోటోఫాస్ వంటి మందు చర్మం గుండా కూడా ఒంట్లోకి ఎక్కుతుంది. పైగా తడిసిన కుక్క తన ఒళ్ళు తానే నాకుతుంది. కాసేపటికి నోట చొంగ కారడం, వణుకు, కంటిపాప సూదిమొనంత కావడం, పడిపోవడం. పగవారెవరో మందు పెట్టారని ఇంటివారు అనుమానిస్తారు. పెట్టింది తామేనని తట్టదు. మందు కలిపిన చేతికీ, ఆ కుక్క మెడ పట్టుకుని ఆడే పిల్లలకూ అదే విషం అంటుతుంది. ఇక ఆ కుక్కను కాలువలో దించి కడగడం మరీ అన్యాయం. సైపర్‌మెత్రిన్ వంటి మందు నీళ్ళలో కొద్దిగా కలిసినా చేపలు చస్తాయి. దిగువ ఊళ్ళ పశువులు తాగేదీ ఆ నీళ్ళే.

ఇంతా చేస్తే గోమార్లు పోతాయా? పోవు. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారు కిందికి రాలి, గోడ పగుళ్ళలో, అరుగు సందుల్లో వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. కుక్కను కడిగి, అది పడుకునే చోటును వదిలేస్తే కొద్ది వారాల్లో కథ మళ్ళీ మొదటికే. దాని గోనెపట్టాను మరిగే నీళ్ళలో వేసి ఎండబెట్టాలి. పగుళ్ళు పూడ్చాలి. గోమార్ల వల్ల కుక్కలకు ఎర్లిషియా అనే జబ్బు వస్తుంది. జ్వరం తగిలి తిండి మానేస్తాయి, కొన్నింటికి ముక్కు నుంచి రక్తం కారుతుంది. కాబట్టి ఇది శుభ్రతకు సంబంధించిన ముచ్చట మాత్రమే కాదు.

స్నానానికి పెద్ద ఖర్చేమీ లేదు. నెలకొకసారి చాలు, బురదలో పొర్లితే సంగతి వేరు. ఎండ ఎక్కాక, ముందు బొచ్చు దువ్వి, చెవుల్లో దూది పెట్టి, గోరువెచ్చని నీళ్ళు మెడ నుంచి తోక వైపు పోయాలి. కుక్క చర్మం మనిషి చర్మం కంటే పలుచన. బట్టల సబ్బు దానికి మంట. కుక్కల షాంపూ మేలు. నురుగు మిగలకుండా కడిగి, తుడిచి, ఎండలో వదలాలి. రెండు నెలలు నిండని పిల్లలకు తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. కనిపించిన గోమార్లను చర్మానికి దగ్గరగా పట్టి లాగి, సబ్బునీళ్ళ డబ్బాలో వేయాలి. గోళ్ళతో చిదమరాదు. అవి మరీ ఎక్కువగా ఉంటే పశువుల డాక్టరును అడగాలి. ఏ మందు, ఎంత నీటిలో అన్నది కుక్క బరువును, వయసును బట్టి ఆయన చెబుతారు.

స్నానంలో కుక్క పన్ను గీసుకుంటే, సబ్బు నీళ్ళతో గాయాన్ని పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవాలి. పసుపు, కారం అద్దడం దండగ. కుక్క ఎంత శుభ్రంగా ఉన్నా ఏటా రేబిస్ టీకా తప్పదు.

పురుగుల మందు అమ్మే దుకాణాల్లో ఎకరానికి ఎంత కొట్టాలో చెబుతారు. కుక్కకు, గేదెకు పూయవద్దని కూడా అక్కడే చెప్పాలి. ఖాళీ డబ్బాను కోసి కుక్కకు నీళ్ళ గిన్నెగా పెట్టవద్దని సైతం చెప్పాలి. పశువైద్య సిబ్బంది గేదెల కోసం శిబిరం పెట్టినప్పుడు కుక్కలను కూడా తెమ్మని ముందురోజే ఊళ్ళో చాటింపు వేయించాలి.