మరమ్మతు మీమాంస

వస్తువు కొత్తగా ఉన్నంతకాలం దాని వెలకూ విలువకూ భేదముందన్న ఆలోచన మనకు కలగదు. అంగడిలో చెల్లించిన సొమ్మే దాని విలువ అనుకొని తృప్తిపడతాం. అది పాతబడి, మూలనపడి, బాగుచేయించడానికి తిరిగి కొన్నంత సొమ్ము అడిగిననాడు గాని ఆ రెండు మాటల నడుమ ఉన్న దూరం తెలిసిరాదు.

కొంతకాలం క్రితం నా పూర్వవిద్యార్థి ఒకడు అమెరికాలోని హ్యూస్టన్ నగరం నుండి ఫోను చేశాడు. అతడు ఉద్యోగంలో చేరిన తొలిరోజుల్లో మిగుల్చుకున్న సొమ్ముతో ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. అది మాజ్దా సంస్థ 2003 నుండి 2012 వరకు తయారుచేసిన ఆర్‌ఎక్స్-8 అనే కారు. కొంతకాలంగా దాని ఇంజను చల్లగా ఉన్నప్పుడు చక్కగా మొదలవుతోంది గాని, కాస్త దూరం నడిపి పెట్రోలు బంకు దగ్గర ఆపితే మళ్లీ అందుకోవడం లేదు. షెడ్డులో చూపిస్తే ఇంజను మొత్తం విప్పి సరిచేయాలన్నారు. 6,500 డాలర్లు అవుతుందన్నారు. నడిచే స్థితిలో ఉన్న అటువంటి కారే అక్కడ 5,000 డాలర్లకు దొరుకుతోందట. “ఏం చేయమంటారు, మాస్టారూ?” అని అడిగాడు.

తెలుగు మాస్టారును ఇంజను సంగతి అడగడమేమిటని మీకు నవ్వు రావచ్చు. నాకూ వచ్చింది. కాని రెండు నిమిషాలు మాట్లాడేసరికి అది ఇంజనుకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదని అర్థమైంది. వాళ్ల నాన్నగారు జీవితంలో ఒక్కసారే అమెరికా వెళ్లారు. కొడుకు పక్కన కూర్చుని గాల్వెస్టన్ సముద్రతీరం దాకా ప్రయాణించింది ఆ కారులోనే. మరుసటి ఏడు ఆయన కాలం చేశారు. ఇప్పుడు అతని చేతిలో ఉన్న సొమ్ము తల్లిని అక్కడికి పిలిపించుకోవడానికి దాచుకున్నది.

“అమ్మేసెయ్, నాయనా. కారు వెలకన్న మరమ్మతు వెల ఎక్కువైతే ఆలోచించడానికేముంది?” అన్నాను. లోకంలో అందరూ చెప్పే సమాధానమే చెప్పాను. ఫోను పెట్టేసిన తరువాత అది తొందరపాటు మాట అనిపించింది. అతనిచేత కొన్ని వివరాలు చెప్పించుకొని, నేనూ కొంత చదివి, ఆ విషయాన్ని మళ్లీ ఆలోచించాను.

ఆ ఇంజను సామాన్యమైనది కాదు. మామూలు కారు ఇంజనులో పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతుంటాయి. ఆ ఊగులాటను క్రాంక్ షాఫ్టు భ్రమణంగా మారుస్తుంది. జర్మనీకి చెందిన ఫెలిక్స్ వాంకెల్ అసలు ఆ ఊగులాటే అక్కరలేని యంత్రాన్ని ఊహించాడు. నడుము కొద్దిగా నొక్కుకుపోయిన కోడిగుడ్డు ఆకారపు గదిలో, బుగ్గలు ఉబ్బిన త్రిభుజం వంటి రోటరు గిరగిర తిరుగుతూ ఉంటుంది. ఆ త్రిభుజపు మూడు మొనలూ ఎల్లవేళలా గోడను ఒరుసుకుంటూ మూడు గదులను ఏర్పరుస్తాయి. గాలి, పెట్రోలు ఆవిరి కలిసిన మిశ్రమం ఒక గది నుండి మరొక గదిలోకి జారిపోకుండా కాపాడవలసినవి ఆ మొనల మీద అమర్చిన సన్నని లోహపు సీళ్లు. ఇంజను ఆయువు వాటిమీదే ఆధారపడి ఉంటుంది.

1957లో జర్మనీలోని ఎన్‌ఎస్‌యూ సంస్థలో దాని తొలి నమూనా నడిచింది. అదే సంస్థ 1967లో విడుదల చేసిన ఆర్‌ఓ-80 కారులో సీళ్లు త్వరగా అరిగిపోవడంతో ఉచితంగా బాగుచేసి ఇవ్వవలసిన ఇంజన్లు పెరిగిపోయాయి. 1969లో ఆ సంస్థ వోక్స్‌వాగన్ గొడుగు కిందికి చేరింది. జపానులోని హిరోషిమాలో మాత్రం ఈ ఇంజనును వదలిపెట్టని వారొకరున్నారు. ఆనాటి మాజ్దాలో కెనిచి యమమోతో నాయకత్వాన 47 మంది ఇంజనీర్లు పూనుకున్నారు. సీళ్లు అదురుతూ తిరగడంవల్ల గది గోడపై పడే గీతలను వారు ‘దయ్యపు గోళ్ల గీతలు’ అనేవారు. 1967లో వారి కాస్మో స్పోర్ట్ రోడ్డెక్కింది. 1991లో ఫ్రాన్సులోని లెమాన్ వద్ద జరిగిన 24 గంటల పందెంలో నాలుగు రోటర్ల మాజ్దా కారు అన్నిటికన్నా ముందు నిలిచింది. నా విద్యార్థి మోజుపడిన కారు వెనుక ఇంత కథ ఉంది. మోజును తేలికగా చూడరాదనడానికే ఇదంతా చెబుతున్నాను.

కథ ఎంత గొప్పదైనా సీలు అరగక మానదు. ఏళ్లు గడిచిన కారులో అది సహజమే. ఈ ఇంజను సీళ్లను తడపడానికి కొద్దికొద్దిగా నూనెను తనలోనే కాల్చుకుంటుంది. కనుక దీనిలో ఆయిలు తగ్గడం జబ్బు కాదు. ఆ సంగతి తెలియక ఆయిలు కొలత చూడకపోవడమే జబ్బు. అయితే వేడిమీద ఇంజను అందుకోకపోవడానికి సీళ్లే కారణం కానక్కరలేదు. స్టార్టరు బలహీనమైనా, బ్యాటరీ నీరసించినా అదే లక్షణం కనబడుతుంది. మంట పుట్టించే కాయిళ్లు చెడితే కాలని పెట్రోలు పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టరును పాడుచేస్తుంది. ఈ మూలకారణాన్ని విడిచి ఇంజనుకు వేలు పోస్తే కొత్త సీళ్లూ పాతవాటి దారినే పోతాయి.

కాబట్టి మొదట తేలవలసింది, జబ్బు నిజంగా ఇంజనుదేనా అన్నది. రోటరు ఇంజనులో కంప్రెషన్ చూడడానికి ప్రత్యేకమైన మీటరు ఉంటుంది. మామూలు మీటరు మూడు గదుల్లో ఎక్కువ ఒత్తిడి ఉన్న గది లెక్క ఒక్కటే చూపి, మిగిలిన రెండింటి లోపాన్ని దాచేస్తుంది. ఇతనికి 6,500 డాలర్ల లెక్క చెప్పిన షెడ్డువారు ఏ మీటరూ పెట్టి చూడలేదట. విన్నమాత్రాన నిర్ణయించారు!

ఇక్కడ నాకు భారతంలోని నలుని కథ గుర్తుకు వచ్చింది. ఋతుపర్ణ మహారాజు ఒక్క పగటిలో విదర్భ చేరాలన్నప్పుడు బాహుకుడి రూపంలో ఉన్న నలుడు బక్కచిక్కిన గుర్రాలను ఎంచుకుంటాడు. రాజు అనుమానిస్తాడు. నలుడు ఆ గుర్రాల శరీరలక్షణాలను చూపి సమాధానం చెబుతాడు. రాజు చూసింది పైరూపం. నలునిది అశ్వహృదయం తెలిసిన చూపు. రోటరు ఇంజను హృదయం తెలిసిన మెకానిక్ అన్ని ఊళ్లలో దొరకడు. అటువంటివాడు అందుబాటులో లేకపోతే ఈ మరమ్మతు ఊసెత్తకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక లెక్క. బాగుచేయించడానికి 6,500 డాలర్లు అంటున్నాం గాని అది పూర్తి లెక్క కాదు. ఉన్నది ఉన్నట్టుగా అమ్మితే ఆ కారుకు 1,500 డాలర్లు వస్తాయని అతడే చెప్పాడు. బాగుచేయించుకుంటే ఆ 1,500 చేతికి రావు. అంటే అతడు నడిచే కారు కోసం వదులుకొనేది 8,000. అటువంటి కారే బయట 5,000కు దొరుకుతుంది. తేడా 3,000 డాలర్లు. ఈ తేడాలో కొంత, కొత్త సీళ్ల ఇంజను మన కళ్లముందు తయారైందన్న ధైర్యానికి పోతుంది. బయట కొన్న కారు ఇంజను ఏ దశలో ఉందో ఎవరు చెప్పగలరు? మిగిలినదంతా గాల్వెస్టన్ ప్రయాణానికి వెల. ‘6,500 పెట్టనా, వద్దా’ అన్న ప్రశ్నను పక్కనపెట్టి, ‘ఈ 3,000 నాన్న జ్ఞాపకానికి పెట్టగలనా?’ అని అడుగుకోవాలన్నాను. పెట్టగలిగితే అది దుబారా కాదు. మనం తిరునాళ్లకూ, పెళ్లిళ్లకూ, తాతగారి గోడగడియారానికీ పెట్టడం లేదా? కాని దానిని పొదుపు అని పేరుపెట్టి తనను తాను మోసగించుకోకూడదు. నగరంలో లీటరుకు సుమారు 7 కిలోమీటర్లు మాత్రమే నడిచే కారును పొదుపు కోసం ఎవరూ ఉంచుకోరు.

“నిరుడే క్లచ్చికీ టైర్లకూ 1,800 డాలర్లు పెట్టాను, మాస్టారూ. ఇప్పుడు వదిలేస్తే అదంతా బూడిదలో పోసిన పన్నీరే కదా” అన్నాడు. చాలామంది తడబడేది ఇక్కడే. ఆ 1,800 అతడు కారు ఉంచుకున్నా, అమ్మినా తిరిగిరాదు. టైర్లు ఇంకా ఎంతదూరం నడుస్తాయన్నది లెక్కలోకి వస్తుంది. వాటికి ఎంత పెట్టామన్నది రాదు. జూదంలో పోయినదాన్ని రాబట్టాలని మళ్లీ పాచికలు పట్టినవారి గతి మనకు భారతమే చెప్పింది.

మన ప్రాంతంలో ఈ ప్రశ్నకు సమాధానం వేరుగా ఉండేది. విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్ ఇంజనును బోరు చేయించి, కొత్త పిస్టన్లూ రింగులూ వేయించి మరికొన్నేళ్లు నడుపుకొన్నవారు ఎందరో ఉన్నారు. ఇక్కడ పనివాని కూలి తక్కువ. అక్కడ మెకానిక్ గంటలకే బిల్లులో పెద్దభాగం పోతుంది. అందుచేత మనవాళ్ల అనుభవాన్ని అక్కడికి మోసుకెళ్లి, ‘పాతది పారేయకూడదు’ అని సూత్రీకరించలేం. పాతదానిని పారేయడం మాత్రమే ఆధునికత అనే వాదాన్నీ నేను ఒప్పుకోను.

మిగిలింది సొమ్ము ఏ సంచిలోనిదన్న విషయం. ఇక్కడ మాత్రం నాకు సందేహం లేదు. తండ్రి జ్ఞాపకానికి తల్లి ప్రయాణపు సొమ్ము ఖర్చుచేయడం సమ్మతం కాదని ఖండితంగా చెప్పాను. అప్పుచేసి ఇంజను విప్పించడం అంతకన్నా సమ్మతం కాదు. విప్పిన తరువాత లోపల గది గోడ కూడా గీరుకుపోయిందని తేలితే చెప్పిన లెక్క పెరుగుతుంది, సగంలో ఆపలేం. అతడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత “సరే, మాస్టారూ” అన్నాడు.

పదిరోజుల తరువాత, తెలిసిన మెకానిక్ ఒకడిని వెతికి పట్టుకొని ఆ ప్రత్యేకమైన మీటరుతో చూపించాడు. ఆ ఇంజనుకు కనీసం 680 కిలోపాస్కల్ ఒత్తిడి ఉండాలి. ముందు రోటరు మూడు గదులూ ఆ గీత దాటాయి. వెనుక రోటరులో పక్కపక్కనే ఉన్న రెండు గదులు 600 కూడా చేరలేదు. ఒక్క మొన సీలు అరిగితే దానికి అటూ ఇటూ ఉన్న రెండు గదులూ బలహీనపడతాయి గనుక, జబ్బు సీలుదేనని నిర్ధారణ అయింది. షెడ్డువారు ఊహించినదే నిజమైంది. అయినా ఆ పరీక్ష వృథా అని నేననుకోను.

ప్రస్తుతం కారు ఒక మిత్రుని గ్యారేజీలో ఉంది. తల్లికి టికెట్టు కొన్నాడు. నెలకు 300 డాలర్ల చొప్పున కారు కోసం విడిగా పక్కన పెడుతున్నాడు. ఆ లెక్కన 6,500 చేరడానికి రెండేళ్లు దాదాపు పడుతుంది. అప్పటికీ ఈ కోరిక ఇలాగే ఉంటే విప్పిస్తానన్నాడు. నాకు అభ్యంతరం లేదు. అయితే నిలబెట్టిన కారుకూ ఇన్సూరెన్సు కట్టాలి, బ్యాటరీ చూసుకోవాలి, చోటిచ్చిన మిత్రుని మొహమాటం ఎంతకాలం నిలుస్తుందో కనిపెట్టుకోవాలి. ఆ ఖర్చులన్నీ కూడా ఆ 3,000 పక్కనే రాసుకొమ్మని చెప్పాను.