ముద్దాయి పక్షం వహించేవాడు ఎవరికి జవాబుదారీ?



మేజర్ పెనాల్టీ చార్జిషీటు అందుకొన్న ట్రాక్‌మన్ (మనమింకా గాంగ్‌మన్ అనే పిలుస్తున్నాము) మొదట యూనియన్ ఆఫీసు గడప త్రొక్కుతాడు. 1968 నాటి రైల్వే క్రమశిక్షణ నిబంధనలలో 9వ దాని క్రింద విచారణలో అతని ప్రక్కన డిఫెన్స్ హెల్పరు కూర్చుంటాడు. తపాలా సోదరునికి 14వ నిబంధన క్రింద అట్టి సహాయమే కలదు. ఫైలు చదవకుండా వచ్చిన హెల్పరును సభ్యులు మరుసటి బ్రాంచి ఎన్నికలో ఇంటికి పంపుతారు. ఆ కుర్చీలో ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ణి గనుక చెప్పుచున్నాను: ఆ భయం చాలా మంచిది.

అదే గాంగ్‌మన్ కుమారుణ్ణి పోలీసులు పట్టుకొనిపోతే ఏమగుచున్నది? బర్మామైన్స్‌లో మా వీధిలోనే ఒక రైల్వే కార్మికుని భార్య, శ్రీకాకుళం నుండి కాపురానికి వచ్చిన వితంతువు, కొడుకు కేసు కాగితాలు పట్టుకొని నా వద్దకు వచ్చినది. ఆమెకు హిందీ అంతంత మాత్రమే. ఉచిత న్యాయవాదిని ఇచ్చినారట. మూడు వాయిదాలు గడిచినా ఆయన ఆ కుర్రవానితో ఒక్క మాటయినా మాట్లాడలేదు. ‘మీ యూనియన్ వారేమైనా చేయగలరా?’ అని అడిగినది. నేను తల వంచుకొన్నాను.

చట్టం లేదని ఎవరూ అనలేరు. జంషెడ్‌పూర్ బీహారులో ఉన్న కాలమున, 1979లో, ఆ రాష్ట్రపు జైళ్లలో మ్రగ్గుచున్న విచారణ ఖైదీల కొరకు నడచిన హుసైనారా ఖాతూన్ కేసులోనే ఉచిత న్యాయసహాయం పేదవాని హక్కు అని సుప్రీంకోర్టు తేల్చినది. డబ్బు లేదను సాకు ప్రభుత్వానికి చెల్లదని 1980లో భాగల్‌పూర్ అంధుల కేసులో మరల చెప్పినది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షనులో, నిర్బంధంలో ఉన్నవానితోపాటు పారిశ్రామిక కార్మికుణ్ణి కూడ ఈ సహాయానికి అర్హునిగా పేర్కొన్నారు. మనలో ఎందరికి తెలుసు? అయినను 2022 చివర దేశపు జైళ్లలోని 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే!

ఆ యేడే ‘లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్’ పథకం వచ్చినది. పూర్తికాలపు న్యాయవాదులను నియమించుట మెచ్చదగినదే. కాని వారిది రెండేండ్ల కాంట్రాక్టు. ఎంపిక సంఘానికి అధ్యక్షుడు జిల్లా జడ్జి, పొడిగింపు పనితీరు మదింపునుబట్టి. ఏ న్యాయస్థానంలో అభ్యంతరం లేవనెత్తవలెనో ఆ న్యాయస్థానపు పెద్దల చేతనే తన బ్రతుకుతెరువు ఉన్నవాడు ఎంత గట్టిగా లేచి నిలువగలడు? కాంట్రాక్టు నౌకరీ వెన్నెముకను ఎట్లు వంచునో మనకు ఎవరూ బోధించనక్కరలేదు.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో పబ్లిక్ డిఫెండరును ప్రజలే ఎన్నుకొంటారు. 2002లో ఎన్నికైన జెఫ్ అడాచీ 2019 ఫిబ్రవరిలో మరణించువరకు ఆ పదవిలోనే ఉన్నాడు. ఆయన జపాను సంతతివాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆయన తలిదండ్రులు నిర్బంధ శిబిరాలలో ఉన్నవారు. ఆయన హయాంలో ఆ కార్యాలయం కోర్టుతో ఆగలేదు. పాత నేరరికార్డు మూలంగా పని దొరకనివారికి ఆ రికార్డు తొలగించుకొనుటలో తోడ్పడినది, పేదపేటల పిల్లల కొరకు కార్యక్రమాలు నడిపినది. ఇదే అడాచీ 2010లో నగర ఉద్యోగుల పింఛను చందా పెంచవలెనని ప్రజాభిప్రాయానికి పెట్టగా అక్కడి యూనియన్లు ఓడించినవి. మనమున్నను ఓడించియుందుము! పింఛను విషయంలో ఆయనతో మనకు సంధి లేదు. ముద్దాయి విషయంలో మాత్రం ఆయన జవాబు చెప్పవలసినది జడ్జికి కాదు, పౌరునికి.

ఎన్నిక ఒక్కటే మందు కాదు. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో 2008లో పోలీసు సంఘం మద్దతుతోనే ఒకరు ఈ పదవికి గెలిచినారు. అందువలన ఓటుపెట్టె కావలెనని నేను అనుట లేదు. స్థిరమైన పదవీకాలం ఉండవలె. ఎంపికలోను మదింపులోను కార్మిక ప్రతినిధికి స్థానం ఉండవలె. ముద్దాయి భాషలో, మా ఊరిలోనైతే తెలుగు, ఒడియా, సంతాలీలలో, మాట్లాడే సహాయకులు ఉండవలె. 1974 మే సమ్మెలో మన పెద్దలు వేలాదిగా జైళ్లకు పోయిన నాడు ఫీజు అడగక నిలిచిన వకీళ్లున్నారు. కాని ప్రతి జిల్లాకు ఒక కన్నబిరాన్ పుట్టడు.

బ్రాంచి కార్యదర్శులు ఈ కోరికలపై తీర్మానం చేసి ఫెడరేషనుకు పంపవలెను. ఈలోపల న్యాయసహాయపు ఫోను నంబరు 15100ను ప్రతి యూనియన్ ఆఫీసు గోడపై, తెలుగులో కూడ, వ్రాయించవలెను.