ఒరుగులకు ఒక తీరు, కుక్కర్లకు ఒక తీరా?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల మంత్రి శ్రీ ప్రహ్లాద్ జోషి గారికి, వాణిజ్య, పరిశ్రమల మంత్రి శ్రీ పీయూష్ గోయల్ గారికి, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అధికారులకు, మా ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబు నాయుడు గారికి,



తిరుపతి నుంచి కాట్పాడి పోయే రైలు దారిలో, ధర్మవరం లైను చీలే జంక్షను మా పాకాల. ఇక్కడ నాకు చిన్న ఆన్‌లైన్ సేవల అంగడి ఉంది. చుట్టుపక్కల పల్లెల నుంచి మహిళా సంఘాల వాళ్ళు, బెల్లం గానుగల రైతులు, ఊరగాయలు, తాండ్ర, ఒరుగులు చేసేవాళ్ళు వస్తారు. వాళ్ళ సరుకుకు ఫొటోలు తీసి, వివరాలు రాసి, పెద్ద ఆన్‌లైన్ మార్కెట్లలో లిస్టింగ్ పెట్టేది నేనే. ఆ పని చేస్తూ చూసిన అన్యాయాన్ని మీ ముందు పెట్టడానికే ఈ ఉత్తరం. ఆ మార్కెట్ల నిబంధనలు చిన్నవాళ్ళ మీద గంటల్లో అమలవుతాయి. పెద్దవాళ్ళ మీద అమలు కావాలంటే ఢిల్లీ నుంచి మీ నోటీసు పోవాలి.

నిబంధనలు వద్దని మేము అనడం లేదు. తినే వస్తువు అమ్మేటప్పుడు ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉండాలి. ఎవరు చేశారో, ఎక్కడ చేశారో, ఎప్పటిలోగా తినాలో రాయాలి. కొనేవాళ్ళకు వస్తువు ముట్టుకుని చూసే వీలుండదు కాబట్టి ఈ వివరాలే వాళ్ళకు దిక్కు. మా సంఘాల ఆడవాళ్ళు ఆ నంబరు తెచ్చుకున్నారు, లేబుల్ వేయించుకున్నారు, జాడీలు మాని సీలు వేసిన డబ్బాలకు మారారు.

వాళ్ళకు ఈ ఆన్‌లైన్ అమ్మకం ఎందుకు ముఖ్యమో కూడా చెప్పాలి. మా మండలంలోనే దామలచెరువు ఉంది. మామిడి కాలంలో అక్కడి మండీలకు వచ్చే కాయ చూస్తే ఈ ప్రాంతం దేని మీద బతుకుతోందో తెలుస్తుంది. 2025లో తోతాపురి ధర పడిపోయింది. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, దాని మీద 4 రూపాయలు తానిస్తానని రాష్ట్ర ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరసలో కాయ మెత్తబడిపోతుంటే చూసిన ఇల్లు, మరుసటి ఏడాది కొంత కాయనైనా ఒరుగులుగా, తాండ్రగా మార్చి తామే అమ్ముకోవాలనుకుంటుంది. సంతలో అంత గిరాకీ ఉండదు. విశాఖలో ఉన్న మనవాళ్ళు కొనాలి. అందుకు ఫోన్‌లోని మార్కెట్టే దారి.

ఆ దారిలో జరిగిందేమిటో వినండి. ఒక సంఘం వాళ్ళ మామిడి ఒరుగుల లిస్టింగును ఒక పెద్ద మార్కెట్ తీసేసింది. కారణం ఒకే వాక్యం: మా విధానాలకు అనుగుణంగా లేదు. ఏ విధానం, ఏ ఫొటో, ఏ మాట అన్నది లేదు. లేబుల్ మళ్ళీ ఫొటో తీసి పెట్టాము. అదే వాక్యం తిరిగొచ్చింది. టికెట్ పెడితే జవాబు రాకముందే మూసేసినట్టు మెసేజీ. అంతకుముందు అమ్మిన సరుకు డబ్బు కూడా పరిశీలన పేరుతో ఆగింది. సంఘం అప్పు కంతు మాత్రం ఆగదు కదా.

అదే రోజుల్లో అదే మార్కెట్లో బెల్లం అని వెతికితే, ఫొటోలో ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు కనబడని సరుకు పై వరసలోనే ఉంది. దాని మీద 'ఆర్గానిక్' అని పెద్ద అక్షరాలు. 2017 నాటి సేంద్రియ ఆహార నియమాల ప్రకారం ఆ మాట వాడాలంటే ధ్రువీకరణ ఉండాలి, జైవిక్ భారత్ గుర్తు ఉండాలి. ఆ ప్యాకెట్టు మీద అది లేదు. మా దగ్గర, రంగు తేల్చే హైడ్రోస్ వేయకుండా బెల్లం వండే రైతులు ఉన్నారు. రంగు తేలని ఆ ముదురు బెల్లాన్ని సర్టిఫికెట్ లేదు కాబట్టి వాళ్ళు సేంద్రియమని రాయరు, నేనూ రాయను. నిబంధన పాటించినవాళ్ళ సరుకు అడుగున పడి ఉంది. పాటించనివాళ్ళది పైన అమ్ముడుపోతోంది. దాని మీద ఫిర్యాదు చేశాను. ఆ లిస్టింగు కదలలేదు.

ఇది మా ఒక్క ఊరి గోడు కాదని మీ రికార్డులే చెబుతున్నాయి. 2022 ఆగస్టులో మీ ప్రాధికార సంస్థే అమెజాన్ మీద ఉత్తర్వు ఇచ్చింది. బీఐఎస్ ప్రమాణం లేని ప్రెషర్ కుక్కర్లు 2,265 అమ్ముడయ్యాయని, వాటి మీద ఆ సంస్థకు 6,14,825 రూపాయలకు పైగా కమిషన్ ముట్టిందని అందులో ఉంది. వేసిన జరిమానా లక్ష రూపాయలు. అదే నెలలో 598 కుక్కర్లకు ఫ్లిప్‌కార్టు మీద కూడా లక్షే. అమెజాన్ ఆ ఉత్తర్వు మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. అది వాళ్ళ హక్కు, కాదనను. అయితే వంటింట్లో పేలగల వస్తువు మీద వచ్చిన కమిషన్ కంటే పడిన జరిమానా తక్కువ. ఆ లెక్క చూసిన సంస్థ ఏ నిబంధనను గట్టిగా అమలు చేస్తుందో మీరే ఆలోచించండి.

2023 మేలో సీటు బెల్టు అలారం ఆపే క్లిప్పుల సంగతి చూడండి. బెల్టు పెట్టుకోకపోయినా కారు కూత పెట్టకుండా చేసే చిన్న ఇనుప ముక్క అది. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, స్నాప్‌డీల్, షాప్‌క్లూస్, మీషో, ఈ ఐదింటిలో కలిపి 13,118 లిస్టింగులు మీ ఆదేశం తర్వాతే తొలగాయి. కొందరు దాన్ని సీసా మూత తీసే సాధనమని, లైటరని మారుపేర్లతో అమ్మారు, నిజమే. కానీ అసలు పేరుతోనే అమ్మినవాళ్ళూ ఉన్నారు. మా ఒరుగుల డబ్బా మీద తప్పేదో పట్టుకున్న యంత్రానికి, పేరులోనే చేసే పని రాసి ఉన్న వస్తువు కనబడలేదా? 2024 జనవరిలో అయోధ్య రామమందిరం ప్రసాదం పేరుతో మామూలు మిఠాయిలు అమ్ముతుంటే కూడా మీ నోటీసు పోయాకే చర్య మొదలైంది. తిరుపతి పక్కన ఉన్నవాళ్ళం, దేవుడి ప్రసాదం పేరు పెట్టి అంగట్లో మిఠాయి అమ్మితే జనం ఊరుకోరని మాకు తెలుసు.

చెయ్యలేకపోతున్నారా అంటే, కాదు. దానికి రుజువు జీఎస్టీ నిబంధనే. 2023 అక్టోబరు 1 నుంచి రిజిస్ట్రేషన్ లేని చిన్న అమ్మకందారు కూడా టర్నోవర్ పరిమితి లోపల ఉంటే ఆన్‌లైన్ మార్కెట్లో సరుకు అమ్మొచ్చు, కానీ సొంత రాష్ట్రంలోనే. మంచి వెసులుబాటే. మేము తమిళనాడు సరిహద్దు దగ్గరి వాళ్ళం. మాకు చిత్తూరు ఎంతో వేలూరు అంత. వైద్యానికి వేలూరు పోతాం, చుట్టాలు గుడియాత్తంలో ఉంటారు. అయినా మా సంఘం డబ్బా శ్రీకాకుళం పోగలదు, చిత్తూరు దాటి కాట్పాడి పోలేదు. అక్కడి పిన్‌కోడ్ కొట్టగానే యంత్రం ఆపేస్తుంది. ఒక్కసారి కూడా పొరపాటు పడదు. పన్ను చట్టం తమ మెడకు చుట్టుకుంటుందని తెలిసినప్పుడు ఇంత కచ్చితంగా అమలు చేయగల సంస్థలు, కుక్కర్ల దగ్గర, క్లిప్పుల దగ్గర, 'ఆర్గానిక్' మాట దగ్గర ఎందుకు తడబడతాయి?

పక్షపాతం అనే మాట నేను ఊరికే వాడటం లేదు. అమెజాన్ అంతర్గత పత్రాల ఆధారంగా రాయిటర్స్ 2021లో ఒక కథనం ఇచ్చింది. 2019 తొలి నెలల్లో మన దేశంలో ఆ సంస్థ వేదిక మీద ఉన్న 4 లక్షల మందికి పైగా అమ్మకందారుల్లో 35 మంది చేతిలోనే అమ్మకాల్లో మూడింట రెండు వంతులు ఉండేవని అందులో తేలింది. ఢిల్లీ వ్యాపార మహాసంఘ్ ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ 2020 జనవరి 13న అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌ల మీద విచారణకు ఆదేశించింది. కోర్టుల్లో ఆగుతూ సాగుతూ 2024లో నివేదిక వచ్చింది. కొందరు ఎంపిక చేసిన అమ్మకందారులకు వెతుకులాటలో ముందు వరస దక్కిందని, తక్కినవాళ్ళు జాబితాలో పేర్లుగా మిగిలారని విచారణాధికారులు తేల్చినట్టు వార్తలొచ్చాయి. తప్పు చేయలేదని రెండు సంస్థలూ అంటున్నాయి. తీర్పు ఎలా ఉన్నా, ఫిర్యాదు నుంచి నివేదిక దాకా పట్టిన కాలం చూడండి. దామలచెరువు పక్క పల్లెలో అప్పు తెచ్చి డబ్బాలు కొన్న ఆడమనిషి అన్నేళ్ళు ఆగగలదా?

కలంకారీ గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. మా పాకాల వైపు కొండల్లో పుట్టిన స్వర్ణముఖే శ్రీకాళహస్తికి పోతుంది. ఆ నీటి ఒడ్డున పెరిగింది ఆ కళ. గుడ్డను కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టాలి. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి కలం కట్టాలి. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెడితే కసిమి అనే నల్లరంగు దిగుతుంది. పటిక పూయాలి, పారే నీళ్ళలో ఉతకాలి, మళ్ళీ ఉడకబెట్టాలి, మళ్ళీ రంగు నింపాలి. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ ఇచ్చి దేశం ఆ చేతిని గౌరవించింది. ఇప్పుడు ఫోన్‌లో కలంకారీ చీర అని వెతకండి. పాలియెస్టర్ మీద యంత్రం అచ్చేసిన చీరలు చేతితో వేసినవని కొన్ని వందల రూపాయలకు వస్తాయి. అచ్చు చీర అమ్మకూడదని నేననను. అది అచ్చు అని రాసి అమ్మితే పేదింటి ఆడబిడ్డ కూడా ముచ్చటగా కట్టుకుంటుంది. చేతిపని అని రాయడం అబద్ధం, అంతే.

అసలు చేతిపని చేసేవాళ్ళకు అక్కడ ఎదురయ్యేది వేరు. ప్రతి గుడ్డా ఒక ఛాయ ఎక్కువో తక్కువో ఉంటుంది, ప్రకృతి రంగు అలాగే ఉంటుంది. కొన్నవాళ్ళు ఫొటోలో రంగు లేదని వెనక్కి పంపుతారు. రిటర్నులు పెరిగితే నాణ్యత లేదని యంత్రం ముద్ర వేస్తుంది. తర్వాత లిస్టింగు కిందికి జారుతుంది, ఆపైన మాయమవుతుంది. అచ్చు చీరలన్నీ ఒకే రంగులో ఉంటాయి కాబట్టి వాటికి ఆ ఇబ్బంది లేదు. చేతిపని అని నిజం చెప్పినవాళ్ళకు శిక్ష, అబద్ధం చెప్పినవాళ్ళకు మంచి రేటింగు! ఇది నాకు చాలా కష్టంగా ఉంది. ఆ కళాకారుల పిల్లలు కలం వదిలేసి తిరుపతిలో ఉద్యోగాలు వెతుక్కుంటుంటే చూస్తున్నాను.

మా పాకాల బజారుకు తూనికలు కొలతల శాఖ అధికారి వస్తే చిన్న కిరాణా అంగడి తక్కెడ చూస్తాడు, పెద్ద సూపర్‌మార్కెట్ తక్కెడా చూస్తాడు. సీలు లేకపోతే ఎవరికి ఏం రాశాడో కాగితం మీద ఉంటుంది. అది తప్పనుకుంటే పైకి పోవచ్చు. ఆన్‌లైన్ బజారులో మేము అడుగుతున్నది ఇంతే.

మీరు 2020 జులైలో తెచ్చిన ఇ-కామర్స్ నియమాలు నేను చదివాను. కొనేవాళ్ళ ఫిర్యాదు 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోగా తేల్చాలి. మంచి నియమం. అమ్మేవాళ్ళకు అలాంటి గడువే లేదు. వాళ్ళనూ అందులో చేర్చండి. లిస్టింగు తీసేస్తే ఏ నిబంధన కింద, ఏ మాట లేక ఏ ఫొటో వల్ల తీశారో రాసి ఇవ్వాలి, తెలుగు అడిగినవాళ్ళకు తెలుగులో ఇవ్వాలి. తీసింది యంత్రమైతే తిరిగి చూసేది మనిషి కావాలి. ఐరోపా యూనియన్‌లో 2020 జులై 12 నుంచి ఇలాంటి చట్టం అమల్లోకి వచ్చింది. అమ్మకందారును ఆపేటప్పుడు కారణాలు రాసివ్వాలని, పూర్తిగా తొలగించాలంటే సాధారణంగా 30 రోజుల ముందు చెప్పాలని అందులో ఉంది. అక్కడ వ్యాపారం చేసే సంస్థలే ఇక్కడా ఉన్నాయి. అక్కడ ఇవ్వగలిగిన జవాబు పాకాలకు ఎందుకు ఇవ్వలేవు?

ఒకరి లిస్టింగును ఒక నిబంధన కింద తీస్తే, అదే సరుకు అమ్మే తక్కినవాళ్ళ లిస్టింగులన్నీ ఆ నిబంధన కిందే చూడాలని కూడా రాయండి. మూడు నెలలకోసారి ఎన్ని తీశారో, వాటిలో పెద్ద అమ్మకందారులవి ఎన్నో, చిన్నవాళ్ళవి ఎన్నో ప్రకటించాలి. జరిమానా వచ్చిన కమిషన్‌కు ముడిపడి ఉండాలి. పీయూష్ గోయల్ గారూ, విదేశీ పెట్టుబడి ఉన్న మార్కెట్లు అమ్మకందారులకు ఇచ్చే సేవల్లో వివక్ష చూపకూడదని 2018 డిసెంబరు 26 నాటి మీ శాఖ ప్రెస్ నోటులో ఉంది. వెతుకులాటలో చోటు, లిస్టింగు తొలగింపు కూడా ఆ సేవల్లోవేనని స్పష్టంగా చెప్పండి.

చంద్రబాబు నాయుడు గారూ, ఇంటికో పారిశ్రామికవేత్త రావాలని మీరు అంటున్నారు. మా దగ్గర వస్తున్నారు. వాళ్ళ అకౌంటు ఆగిపోయిన రోజు తిరుపతిలో ఎవరి దగ్గరికి పోవాలో చెప్పే ఒక అధికారిని, ఒక ఫోన్ నంబరును ఇవ్వండి. ఇలాంటి కేసులన్నీ జిల్లా స్థాయిలో ఒకచోట చేరితే ఢిల్లీకి మీరు పంపే ఉత్తరానికి బలం వస్తుంది.

ఇక ఈ నెలలోనే చేయగలిగిన పని ఒకటుంది. ఒకే రకం సరుకు అమ్మేవాళ్ళ మధ్య ఏమైనా తేడాగా వ్యవహరిస్తుంటే, ఆ తేడా ఏమిటో అమ్మకందారుల ఒప్పందంలో రాయాలని మీ 2020 నియమాల్లో ఐదో నియమం ఇప్పటికే చెబుతోంది. జోషి గారూ, దేశంలోని పెద్ద ఆన్‌లైన్ మార్కెట్లన్నింటి నుంచి ఆ వివరణ తెప్పించండి. ఎవరు రాశారో, ఎవరు రాయలేదో, రాసినవాళ్ళు ఏం రాశారో మీ శాఖ వెబ్‌సైటులో పెట్టండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, పార్లమెంటు సమావేశాల దాకా ఆగనక్కర్లేదు. మీ సంతకంతో ఒక ఉత్తరం పోతే చాలు.

ఇట్లు,
పాకాల నుంచి ఒక ఆన్‌లైన్ సేవల అంగడి నిర్వాహకుడు