పెట్రోలు అష్టోత్తరం

ధరలు పెరగడం మన దేశంలో వార్త కాదు, తగ్గితేనే వార్త. ఉప్పూ పప్పూ పెరిగినప్పుడు ఇంట్లో అమ్మ ఏదో ఒకటి చేసి సర్దుతుంది. కందిపప్పు బదులు పెసరపప్పు వస్తుంది, ఉల్లిపాయల కూర బదులు పచ్చిపులుసు వస్తుంది, మొత్తానికి పూట గడుస్తుంది. పెట్రోలుకు మాత్రం అలాంటి బదులేదీ లేదు. బండి ట్యాంకులో గంజి పొయ్యలేం గదా!

2024 మార్చిలో లీటరుకు రెండు రూపాయలు తగ్గించామని ఘనంగా ప్రకటించిన తర్వాత కూడా విశాఖపట్నంలో పెట్రోలు 108 రూపాయల చిల్లర పలికింది. నూటెనిమిది మనకు కొత్త అంకె కాదు. అర్చనలో నామాలు నూటెనిమిది, జపమాలలో పూసలు నూటెనిమిది, ఆపదలో పిలిచే అంబులెన్సు నంబరు కూడా నూటెనిమిదే. ఈ మూడూ ఒక్కసారిగా గుర్తుకొచ్చే చోటు పెట్రోలు బంకు. "ఎంతకి కొట్టమంటారు సార్?" అని కుర్రాడు అడిగినప్పుడు, "ఫుల్ ట్యాంకు" అని దర్జాగా చెప్పే విద్యార్థిని చూసి ఎన్నాళ్లయింది? "వందకి కొట్టు బాబూ" అంటాం. వందకు లీటరైనా రాదు.

ముందుగా నా లెక్క చెబుతాను. లెక్క లేకుండా ధరల గురించి రాస్తే అది శోకమవుతుంది తప్ప అర్థశాస్త్రం కాదు. మా ఇల్లు గాజువాక అవతల. మల్కాపురం, సింధియా, కాన్వెంటు జంక్షన్ మీదుగా కాలేజీకి సుమారు పద్ధెనిమిది కిలోమీటర్లు. రానూ పోనూ 36. నా పాత స్కూటరు లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తుంది. నెలకు పాతిక రోజులు కాలేజీకి వస్తే 20 లీటర్లు కావాలి. లీటరు 108 చొప్పున 2,160 రూపాయలు. సాయంత్రం ట్యూషన్లు చెప్పి నేను సంపాదించేది నెలకు ఆరు వేలు. అందులో మూడో వంతు దాటి సైలెన్సరు గొట్టంలోంచి పొగగా పోతోంది. ఇది పుస్తకాల ఖర్చు కాదు, భోజనం ఖర్చు కాదు. పాఠం జరిగే చోటికి ఈ శరీరాన్ని చేర్చే ఖర్చు మాత్రమే.

నాకంటే దూరం నుంచి వచ్చే మిత్రుడొకడు వారానికి మూడు రోజులే వస్తున్నాడు. "ఏరా, ఒంట్లో బాగులేదా ఏటి?" అని అడిగితే, "ఒంట్లో బాగానే ఉంది, ట్యాంకులోనే బాగులేదు" అన్నాడు. అందరం నవ్వాం. అయితే హాజరు పట్టీకి హాస్యం తెలియదు. డెబ్భై అయిదు శాతం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. కనుక ఈ విషయాన్ని షికార్లు తిరిగే కుర్రకారు గొడవగా కొట్టి పారెయ్యకూడదని నా మనవి.

సరే, సామాన్యుడు చెయ్యగలిగిందేమిటి? ఉన్నంతలో పొదుపు. టైర్లలో గాలి వారానికొకసారి చూపించాలి. గాలి తగ్గిన టైరు రోడ్డును పట్టుకు వేళ్లాడుతుంది. ఎయిర్ ఫిల్టరు శుభ్రంగా ఉండాలి. ఊపిరాడని ఇంజను ఎక్కువ తాగుతుంది. బ్రేకులు పట్టేస్తున్నాయేమో మెకానిక్కుకు చూపించాలి. నలభై అయిదు, యాభై మధ్య ఒకే వేగంతో నడపాలి. బస్సును దాటేద్దామని ఒక్కసారిగా యాక్సిలరేటరు తిప్పి, పది గజాలు పోగానే బ్రేకు వేసే వీరత్వం మానుకోవాలి. సిగ్నలు దగ్గర ఎక్కువసేపు ఆగేటట్లయితే ఇంజను ఆపెయ్యాలి. బంకులో మీటరు సున్నా చూడాలి. కొలత మీద అనుమానమొస్తే, ప్రతి బంకులోనూ ముద్ర వేసిన అయిదు లీటర్ల కొలపాత్ర ఉంటుంది, దానితో కొలిచి చూపించమని అడిగే హక్కు మనకుంది. ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తే నలభై అయిదు ఇచ్చే బండి యాభై ఇస్తుందనుకుందాం. నెలకు 20 లీటర్లు పోయే చోట 18 పోతాయి. మిగిలేది 216 రూపాయలు. రెండు వందలు తక్కువేమీ కాదు. కాని ఆ పైన మిగిలిన పందొమ్మిది వందల నలభై నాలుగు ఏ పొదుపు మంత్రానికీ లొంగవు.

మన క్యాంపస్‌లో ప్రచారంలో ఉన్న చిట్కాలు కూడా కొన్ని ఉన్నాయి. తెల్లవారుజామున కొట్టిస్తే చల్లదనానికి పెట్రోలు ఎక్కువ వస్తుందని ఒకరంటారు. బంకువాళ్ల ట్యాంకు భూమిలో పాతి ఉంటుంది. పొద్దుటికీ మధ్యాహ్నానికీ దాని వేడిలో పెద్ద తేడా ఏమీ రాదు. నిద్ర చెడటమే లాభం. యానాం వెళ్లి కొట్టించుకు రమ్మని ఇంకొకరి సలహా. యానాం పుదుచ్చేరిలో భాగం కాబట్టి అక్కడ పన్ను తక్కువ, లీటరుకు మనకంటే పది రూపాయలకు పైగా తక్కువ ఉంటూ వచ్చింది. ఆ చుట్టుపక్కల ఊళ్లవారికి అది రొట్టె విరిగి నేతిలో పడ్డట్టే. కాకినాడ మిత్రుడి సంగతి వేరు. వెళ్లి రావడానికి అరవై కిలోమీటర్లంటే లీటరుంపావు పెట్రోలు, దగ్గర దగ్గర నూట ముప్ఫై రూపాయలు. అయిదు లీటర్ల ట్యాంకు మీద మిగిలేది యాభై, అరవై. ఆశకూ గణితానికీ ఎప్పుడూ చుక్కెదురే.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇథనాలు కలిపిన పెట్రోలొకటి వచ్చింది. 2025 నాటికి దేశంలో నూటికి ఇరవై పాళ్లు కలపడం దాకా వెళ్లాం. చెరకు రైతుకు మేలు, విదేశీ మారకం ఆదా అంటున్నారు, కాదనను. అయితే ఒక లీటరు ఇథనాలులో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదాని కంటే మూడో వంతు తక్కువని రసాయనశాస్త్రం చెబుతుంది. అయిదో వంతు కలిపితే లీటరు మొత్తం మీద ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. పాలలో నీళ్లు కలిపిన వాడు కూడా ధర కాస్త తగ్గించి ఇమ్మంటే మొహమాటపడతాడు. ఇక్కడ ఆ మొహమాటం కూడా కనిపించలేదు.

ఇంతకూ ఈ ధర ఎవరు పెంచుతున్నారు? చిన్నప్పటి నుంచీ మనకు చెప్పే జవాబు అరబ్బు దేశాలని. అది కొంతవరకు నిజమే. 1973 అక్టోబరు యుద్ధం తర్వాత పీపా ముడి చమురు మూడు డాలర్ల నుంచి కొద్ది నెలల్లో పన్నెండు డాలర్ల దగ్గరకు పోయింది. ఆ నవంబరులోనే పెట్రోలు ధరకు నిరసనగా వాజపేయి ఎడ్లబండి మీద పార్లమెంటుకు వచ్చారు. 1979లో ఇరాన్ విప్లవంతో రెండో దెబ్బ తగిలింది. మనం వాడే ముడి చమురులో నూటికి ఎనభై అయిదు పాళ్లకు పైగా దిగుమతి కనుక అక్కడ తుమ్మితే ఇక్కడ జలుబు తప్పదు.

కాని జలుబు తగ్గినప్పుడు కూడా ముక్కు పట్టుకునే ఉంటే? 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు ధర సున్నా కంటే కిందికి పడిపోయింది. ఆ మార్చి, మే నెలల్లో కేంద్రం పెట్రోలు మీద ఎక్సైజు సుంకం మూడు రూపాయలు ఒకసారి, పది రూపాయలు ఇంకొకసారి పెంచింది. 19 రూపాయల 98 పైసలున్నది 32 రూపాయల 98 పైసలైంది. లోకమంతా చమురు చవకైన వేళ మనకు బంకులో ఆ చవక కనిపించలేదు. తర్వాత 2021 నవంబరులో అయిదు, 2022 మేలో ఎనిమిది తగ్గించారు. పదమూడు పెంచి పదమూడు తగ్గించారు, చెల్లుకు చెల్లు అనవచ్చు. ఆ నడుమ రెండేళ్లు మనం కట్టినదాని మాట ఎవరూ ఎత్తలేదు.

2010 జూన్‌లో పెట్రోలు ధర మీద ప్రభుత్వ అదుపు తీసేశారు. 2017 మే 1 నుంచి ధరను రోజూ మార్చే పద్ధతిని ముందుగా అయిదు పట్టణాల్లో ప్రయోగించారు. అందులో మన విశాఖ ఒకటి. జూన్ 16 నుంచి దేశమంతా అమలైంది. మార్కెట్టు ప్రకారం రోజూ మారడమే ధర్మమైతే, 2021 నవంబరు నుంచి 2022 మార్చి 21 దాకా నాలుగున్నర నెలలు ధర ఎందుకు కదల్లేదు? అయిదు రాష్ట్రాల ఎన్నికలైపోయాక మార్చి 22 నుంచి రోజుకు ఎనభై పైసల చొప్పున ఎందుకు పరుగెత్తింది? దీనికి అర్థశాస్త్రం పాఠ్యపుస్తకంలో జవాబు లేదు. రాజనీతిశాస్త్రం వారిని అడగాలి.

ఇక పన్ను లెక్క. 2024 నాటికి మన రాష్ట్రంలో పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం, దాని పైన లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు మరొక రూపాయి. ఈ 31 శాతాన్ని కేంద్రం సుంకం కలిపిన ధర మీద వేస్తారు. అంటే పన్ను మీద పన్ను. 108 రూపాయల్లోంచి వెనక్కి లెక్కేస్తే రాష్ట్రం వాటా సుమారు 29, కేంద్రం వాటా అప్పటికి 19 రూపాయల 90 పైసలు. రెండూ కలిపి దాదాపు 49. నా ఇరవై లీటర్ల మీద నెలకు 980 రూపాయలు! 2017లో వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు పెట్రోలును దాని బయట ఉంచారు. తియ్యమంటే కేంద్రం రాష్ట్రాన్ని చూపిస్తుంది, రాష్ట్రం కేంద్రాన్ని చూపిస్తుంది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఎడ్లబండి, అధికారంలోకి వచ్చాక పన్ను బండి. ఈ విషయంలో ఏ పార్టీకీ వేరే పార్టీ మీద రాయి విసిరే అర్హత లేదు. మల్కాపురం మీదుగా వచ్చేటప్పుడు రిఫైనరీ గొట్టం మీద మంట కనిపిస్తుంది. 1957లో కాల్టెక్సు వారు ప్రారంభించి, డెబ్భైలలో జాతీయమైన కర్మాగారమది. కూతవేటు దూరంలో పెట్రోలు తయారవుతున్న ఊరు కూడా దేశంలో ఎక్కువ ధర కట్టే ఊళ్ల సరసన నిలబడింది. దీపం కింద చీకటంటే ఇదే కాబోలు.

పన్నులు లేకపోతే ప్రభుత్వం ఎలా నడుస్తుంది, మీ స్కాలర్‌షిప్పులు ఎక్కణ్ణుంచి వస్తాయి అని పెద్దలు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పన్ను వద్దని నేననడం లేదు. ఎవరి దగ్గర వసూలు చేస్తున్నారో చూడమంటున్నాను. పెట్రోలంటే కార్లలో తిరిగే ధనవంతుల సరుకన్నది పాతకాలపు మాట. దేశంలో అమ్ముడయ్యే పెట్రోలులో అరవై శాతానికి పైగా స్కూటర్లు, మోటారుసైకిళ్లే తాగుతున్నాయని 2014లో వెలువడిన సర్వే తేల్చింది. పాలవాడు, కొరియరు కుర్రాడు, వైరింగు పనివాడు, ట్యూషను చెప్పుకునే విద్యార్థి కట్టే లీటరు పన్నూ, బంగళా కారు కట్టే లీటరు పన్నూ ఒకటే. ఆదాయం పన్నుకు అంతస్తులున్నాయి. పెట్రోలు పన్నుకు లేవు.

ఎలక్ట్రిక్ స్కూటరు కొనుక్కోమనే వారికి ఒక్క మాట. నా 36 కిలోమీటర్లకు ఒకటి, ఒకటిన్నర యూనిట్ల కరెంటు చాలు. ఖర్చులో పెట్రోలుతో పోలికే లేదు. కాని బండి కొనడానికి లక్ష రూపాయల దాకా ముందుగా పెట్టాలి. మూడో అంతస్తు అద్దె గదివాడు రాత్రి దానికి ప్లగ్గు ఎక్కడ వెతుక్కుంటాడు? ఉన్నవాడికి చవక, లేనివాడికి ఖరీదు అయ్యే సరుకుల్లో ఇది కూడా చేరింది.

కాబట్టి తిరిగి తిరిగి నేను వచ్చి నిలబడేది బస్సు దగ్గర. ఒక బస్సు యాభై మందిని మోస్తే యాభై స్కూటర్లు ఇంట్లో ఉంటాయి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీలకు బస్సు ప్రయాణం ఉచితమైంది. మా క్లాసు అమ్మాయిల్లో కొందరు స్కూటీలు ఇంట్లో పెట్టేశారు. నెలకు రెండు వేలు మిగిలితే ఒక చదువు నిలబడుతుందనడానికి అంతకంటే రుజువేం కావాలి? మగపిల్లలకు కూడా రాయితీ పాసులున్నాయి. అయితే పాసు జేబులో ఉండి బస్సు రోడ్డు మీద లేకపోతే, ఉన్న బస్సులో కాలు పెట్టే చోటు లేకపోతే, మొదటి పీరియడ్ అందదు. వేళకు అందే బస్సు లేకనే మనలో సగం మందిమి బండ్లు కొన్నాం. పెట్రోలు మీద మన దగ్గర తీసుకున్న పన్నులో కొంత బస్సుగా మారి మన వీధి చివరకు రావాలని అడగడం దేబిరింపు కాదు. మన సొమ్ముకు లెక్క అడగడమే.

ప్రభుత్వాలు చేసే లోపల మనం చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. మన విద్యార్థి సంఘం ముందు ఉంచుతున్నాను. ఒకటి: ఏ పేట నుంచి ఎవరు ఏ వేళకు వస్తున్నారో ఒక రిజిస్టరు పెట్టండి. ఖాళీగా ఉన్న వెనక సీటుకు తోడు దొరికితే నా 2,160 కాస్తా 1,080 అవుతుంది. ఏ చిట్కా ఇంత మిగల్చదు. హెల్మెట్లు మాత్రం రెండుండాలి, మనుషులు ముగ్గురుండకూడదు. రెండు: ఆ రిజిస్టరులోని అంకెలు పట్టుకునే గాజువాక, పెందుర్తి, మధురవాడ వైపుల నుంచి ఉదయం కాలేజీ వేళకు బస్సులు వెయ్యమని అడగండి. నినాదానికి నవ్వే అధికారి కూడా అంకెలకు జవాబు చెప్పాలి. మూడు: గురువర్యులకు ఒక విన్నపం. టైంటేబుల్లో ఒక్క పీరియడ్ మాత్రమే ఉన్న రోజులున్నాయి. ఆ ఒక్క గంట కోసం ముప్ఫయ్యారు కిలోమీటర్లు తిరిగే వాళ్లున్నారు. ఆ గంటను వేరే రోజుకు కలిపితే ఎవరికీ పైసా ఖర్చు లేకుండా నెలకు నాలుగు రోజుల పెట్రోలు మిగులుతుంది. పూర్వ విద్యార్థులు కూడా తలా ఒక చెయ్యి వేసి దూరాభారం నుంచి వచ్చే పేద విద్యార్థుల బస్సు పాసులకు చిన్న నిధి ఏర్పాటు చేస్తే, అది శిలాఫలకం కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

చమురు ధర మన చేతిలో లేదు. పన్ను రేటు కూడా ఈ రోజు మన చేతిలో లేదు, ఓటు రోజున కొంత ఉంది. వెనక సీటు, టైంటేబుల్, బస్సు కోసం పెట్టే అర్జీ మాత్రం ఈ రోజే మన చేతిలో ఉన్నాయి. విశ్వవిద్యాలయం తలుపులు అందరికీ తెరిచామని గర్వంగా చెప్పుకుంటున్నాం. ఆ తలుపు దాకా రావడానికి లీటరు 108 పెట్టగలిగిన వాళ్లకే తెరిచి ఉంటే, అవి తెరిచినట్టా, మూసినట్టా? ఆలోచించండి.

— ఎం.ఏ. ఫైనల్, అర్థశాస్త్రం