సెలవుల్లో వర్క్‌షీట్లు కాదు, ఒక బండరాయిని చూపించండి



సంక్రాంతి సెలవులు దగ్గరపడగానే మీలో చాలామంది అడిగే మాట ఒకటుంది. "ఇన్ని రోజులు ఖాళీగా ఉంటే చదివింది మర్చిపోతారు, ఏదైనా హోంవర్క్ ఇవ్వండి." మీ ఆందోళన అర్థం చేసుకోదగినదే. మీ అవసరాలు వాయిదా వేసుకుని పిల్లల్ని చదివిస్తున్నారు. అయినా ఈసారి వర్క్‌షీట్లు అడగవద్దనే నా మనవి. ఎందుకో చెబుతాను.

మా అక్క కూతురు అమెరికాలోని అరిజోనాలో టీచర్ శిక్షణలో ఉంది. అందులో భాగంగా ఒక బడిలో పిల్లలకు సైన్సు చెబుతోంది. కిందటి డిసెంబరు సెలవుల్లో తోటి ట్రైనీలతో కారులో ఫీనిక్స్ నుంచి గ్రాండ్ కాన్యన్‌కు, అక్కడి నుంచి యూటా రాష్ట్రంలోని బ్రైస్ కాన్యన్‌కు వెళ్లింది. ఎడారి అంటే మండుటెండ అనుకుంటాం. కానీ గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలంలో అక్కడ ఎర్రరాళ్ల మీద మంచు కురుస్తుంది.

బ్రైస్ ఇంకా ఎత్తు. అక్కడ ఏడాదిలో దాదాపు సగం రోజులు ఒకే పని జరుగుతుంది. పగలు కరిగిన మంచు రాతి పగుళ్లలోకి దిగుతుంది, రాత్రి గడ్డకడుతుంది. గడ్డకట్టిన నీరు సుమారు 9 శాతం ఉబ్బి రాతిని చీలుస్తుంది. ఈ మంచు, దానికి తోడు వాన కలిసి చెక్కినవే అక్కడి వేలాది రాతి స్తంభాలు. మన పుస్తకాల్లో వెదరింగ్ అనే పాఠం ఇదే. పిల్లలు నిర్వచనం బట్టీ పట్టి, రెండు మార్కులు తెచ్చుకుని, మర్చిపోతారు.

ఆ అమ్మాయి తిరిగొచ్చాక పాఠం మొదలుపెట్టిన తీరు మారింది. ప్లాస్టిక్ సీసా నిండా నీళ్లు పోయించి ఫ్రీజర్‌లో పెట్టించింది. మర్నాడు ఉబ్బిన సీసాను చూసి ఒక పిల్లాడు అడిగాడట: "మన ఊళ్లో నీళ్లు గడ్డకట్టేంత చలి ఉండదు కదా, మరి మన కొండలెలా పగులుతున్నాయి?" ఇలాంటి ప్రశ్న వర్క్‌షీట్ నింపితే రాదు.

దీనికోసం అమెరికా వెళ్లాలా? అక్కర్లేదు. గ్రాండ్ కాన్యన్ అడుగున ఉన్న రాళ్లలో ఒకదాని పేరు విష్ణు షిస్ట్. అక్కడి శిఖరాల్లో ఒకదానికి విష్ణు టెంపుల్ అని పేరు పెట్టింది 19వ శతాబ్దపు భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డటన్. ఆ రాతి వయసు సుమారు 170 కోట్ల ఏళ్లు. మన హైదరాబాద్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు! స్కూలు బస్సు కిటికీలోంచి పిల్లలు రోజూ చూసే బండలు అవే. కాలనీల కోసం వాటిని పేల్చేస్తున్నాం కూడా. రాయలసీమ వైపు వెళ్లేవారికి గండికోట ఉంది. పెన్నా నది కోసిన లోయ అది. అంచు దగ్గర మాత్రం పిల్లల చెయ్యి వదలకండి.

"మరి మార్కులు?" అంటారు. సీబీఎస్‌ఈ ప్రశ్నపత్రాల్లో ఇప్పుడు చదివినదాన్ని అన్వయించే ప్రశ్నలు పెరిగాయి. కళ్లారా చూసిన పిల్లలు వాటికి తడబడరు.

కాబట్టి ఈ సెలవుల్లో ఒక పూట కేటాయించండి. ఊరి చెరువుగట్టు పక్క బండ అయినా చాలు. సెల్‌ఫోన్ జేబులో పెట్టి, ఆ పిల్లాడి ప్రశ్నే మీ పిల్లల్ని అడగండి. జవాబు మీరు చెప్పకండి. వాళ్లు తిరిగి మిమ్మల్నే అడిగితే "నాకూ తెలియదు, కనుక్కుందాం" అనండి. చూసింది అరపేజీ రాయించండి, తెలుగైనా ఇంగ్లీషైనా సరే. బడి తెరిచిన రోజు ఆ అరపేజీ పంపిస్తే, మా టీచర్లు పాఠం అక్కడి నుంచే మొదలుపెడతారు.