మూడు భాగాలూ చదివాక నవ్వండి

"పార్వతీశమా? మొదటి భాగం చాలండీ. మిగతా రెండూ దండగ. నవ్వే ఉండదు!"

ఈ మాట నా చెవిన పడడం ఇది ఎన్నోసారో! సభల్లో పెద్దవాళ్ళు అనగా విన్నాను, పుస్తకాల షాపులో అమ్మే అబ్బాయి అనగా విన్నాను. మొన్న సంక్రాంతి వెళ్ళాక, ముంచింగిపుట్టులో టీచరుగా ఉన్న మా చెల్లెలింటికి వెళితే, పక్కవాటాలో ఉండే ఉద్యోగస్థురాలు కూడా కాఫీ తాగుతూ అదే తీర్పు చెప్పింది. ఇంక ఊరుకోలేక ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి తొలి నవల ‘బారిస్టర్ పార్వతీశం’. మొదటి భాగం 1924లో వచ్చింది. 1940లో సినిమాగా కూడా తీశారు. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా బారిస్టరు చదువుకని ఇంగ్లండు బయల్దేరతాడు. దారిలో మద్రాసులో దర్జాగా ఓ టోపీ కొంటాడు. తీరా చూస్తే అది ఆడవాళ్ళ టోపీ! ఇంక ఆ ఓడ ప్రయాణం, ఆ తిండి దగ్గర అవస్థలూ సరేసరి. కడుపుబ్బ నవ్వని తెలుగువాళ్ళున్నారా? మిగతా రెండు భాగాలూ వచ్చేసరికి దశాబ్దాలు గడిచిపోయాయి. వాటిలో పార్వతీశం తిరిగొస్తాడు, పెళ్ళి చేసుకుంటాడు, ప్లీడరీ చేస్తాడు, స్వాతంత్ర్యోద్యమంలో దిగుతాడు. నవ్వు తగ్గుతుంది. కాదనను. అక్కడక్కడ నడక కూడా మందగిస్తుంది. అదీ ఒప్పుకుంటాను.

అయితే ఆ పూట పక్కవాటా ఆవిడ అంతటితో ఆగలేదు. పార్వతీశం టోపీ దగ్గర్నుంచి మాట కొండవాళ్ళ మీదికి మళ్ళింది. మొదటిసారి బస్సెక్కిన కొండమనిషి ఏం చేశాడో ఓ జోకు చెప్పింది. చెప్పొద్దూ, నేనూ నవ్వాను. మా చెల్లెలు మాత్రం నవ్వలేదు. లేచి గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు సంతకి వెళ్ళాను. పసుపు, చింతపండు, అడ్డాకుల కట్టలు, ఒడిషా వైపునుంచి వచ్చిన జనం. సగానికి సగం మాటలు ఆదివాసీ ఒడియాలో. నాకొక్క ముక్క అర్థమైతే ఒట్టు! ఒకావిడ ముందు నిగనిగలాడే నల్లటి గింజలు రాశిగా పోసి ఉన్నాయి. నల్లనువ్వులు! చిమ్మిలి చేద్దామని రెండు కిలోలు కొలవమన్నాను. ఎమ్మే చదివాను, పాతికేళ్ళ వంట అనుభవం, అడగడమెందుకు? ఆవిడ ఏదో చెప్పబోతే, ‘ధర పెంచుతోంది కాబోలు’ అనుకుని చెయ్యి ఊపేశాను. చివరికి పక్కనున్న పదేళ్ళ పిల్ల మా చెల్లెల్ని గుర్తుపట్టి, "టీచరమ్మా, అవి వలిసెలని చెప్పండి" అంది. వలిసెలు! కొండలనిండా పచ్చగా పూసే ఆ పూల గింజలు, నూనె తీసుకునేవి. ఇంకేముంది, ఆ వరసలో కూచున్న ఆడవాళ్ళంతా పమిట అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు.

ఆడవాళ్ళ టోపీ పెట్టుకున్న పార్వతీశం ఎవరో ఆ క్షణంలో తెలిసింది నాకు. కొండమనిషి కాదు, నేను!

కానీ ఆవిడ నవ్వి ఊరుకోలేదు. గింజలు వెనక్కి పోసుకుంది, డబ్బులు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది, నువ్వులు ఎవరి దగ్గరున్నాయో వేలు పెట్టి చూపించింది. మనం చెప్పుకునే జోకుల్లో ఈ సగం ఎందుకుండదండీ?

ఎందుకుండదంటే, జోకుకి మూడు వాక్యాలు చాలు. బస్సెక్కాడు, తెల్లబోయాడు, మనం నవ్వాం. అంతే, మనిషి అయిపోయాడు. బస్సు దిగి ఎక్కడికి వెళ్ళాడు? ఆస్పత్రికా, కోర్టుకా, కొడుకు హాస్టలుకా? జోకుకి అక్కర్లేదు. నవలకి అక్కర! మూడు భాగాలపాటు ఓ మనిషితో కలిసి తిరిగాక అతణ్ణి వెక్కిరించడం మీవల్ల కాదు. మేనత్త కొడుకులాగో, పక్కింటి అబ్బాయిలాగో అయిపోతాడు. ‘నవ్వు తగ్గింది’ అంటున్నారే, అది రచయిత చేతకానితనం కాదమ్మా, పార్వతీశం మనవాడైపోయిన గుర్తు. తొలి నవల అంత పొడుగు సాగినందుకు విసుక్కుంటున్నాం గానీ, ఆ పొడుగే అతణ్ణి జోకు కాకుండా కాపాడింది.

ఇంకో సంగతి. పార్వతీశం కథ చెప్పేది పార్వతీశమే. తన తెలివితక్కువతనం తనే బయటపెట్టుకుని మనతో కలిసి నవ్వుతాడు. కొండవాళ్ళ జోకు చెప్పేది మాత్రం ఏ నాడూ కొండమనిషి కాదు! తన మీద తను నవ్వుకోవడం హాస్యం. మాట్లాడే అవకాశం లేనివాడి మీద నవ్వడం హాస్యమెలా అవుతుంది? ‘సరదాకి అన్నాం, పట్టించుకోకండి’ అంటారు. తెలుగు ఇంట్లో వినని పిల్ల తెలుగు బళ్ళో కూచుని, పలకడం తప్పినప్పుడల్లా తోటివాళ్ళు కిసుక్కుమంటే మర్నాటినుంచి నోరు విప్పదట. మా చెల్లెలు చెప్పింది. సరదా ఖరీదు అది.

కనుక అక్కలారా, చెల్లెళ్ళారా, ఈసారి మొదటి భాగంతో పుస్తకం మూసేయకండి. నవ్వు తగ్గిన పేజీలు కూడా ఓపికపట్టి చదవండి. ఫోనులో ఎవరో పంపిన కొండవాళ్ళ జోకు ఇంకొకరికి పంపబోయే ముందు, ఆ మనిషి రెండో భాగం మీకు తెలుసేమో ఆలోచించండి.

నా మటుకు నాకు, వలిసెలన్న మాట చెప్పిన ఆ పదేళ్ళ పిల్ల పెద్దదై, విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో తను పడ్డ తికమకలూ, సంతలో ఎమ్మే చదివినావిడ పడ్డ తికమకా కలిపి ఓ పెద్ద నవల రాస్తే చదవాలని ఉంది. ఎన్ని భాగాలైనా సరే!